నీటిరంగుల కార్డు

కడచిన ఫిబ్రవరి మొదటి వారములో నొకనాటి యుదయమున నేను కూరకు బెండకాయలు తరుగుచుండగా మా యమ్మాయి వచ్చి, "అమ్మా, తొడిమవైపు ముక్కలు పారవేయకు, నాకు కావలెను" అనెను. పిల్ల డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. బెండకాయ పేరు చెప్పినంతనే ముఖము చిట్లించునది. దీనికి తొడిమలతో నేమి పనియా యని వెంటబోయి చూచితిని. మంచముమీద దళసరి కాగితములు, నీటిరంగుల పెట్టె, రెండు కుంచెలు, ఒక పళ్లెములో మడిచిన తడిగుడ్డ యుండెను. గుడ్డకు ఎఱ్ఱరంగు పట్టించి, బెండకాయ ముక్కను దానిపై నద్ది కాగితముమీద నొత్తగా ఐదు రేకుల పువ్వొకటి ముద్దుగా పడినది. ఏమి చేయుచున్నావని యడిగితిని. "వాలెంటైను కార్డు" అనెను.

నా గుండె ఒక్కసారి ఝల్లుమనిన మాట దాచనేల? ఆడపిల్లల తల్లులైన సోదరీమణులకు నేను వివరింప నక్కరలేదు. వాకిటనుండి మా యత్తగారు కూడ వినిరి. "ఎవనికి?" అని ఒక్కమాట యడిగిరి. పిల్ల తెల్లబోయి కార్డు తెరచి చూపెను. "అమ్మమ్మకు ప్రేమతో" అని లోపల వ్రాసియున్నది. మహబూబాబాదులో, అనగా మా నోట మానుకోటలో, ఉన్న మా యమ్మకు చేసిన కార్డది. తక్కిన నాలుగును తనతో చదువు పిల్లలకు. అయినను అత్తగారు శాంతింపలేదు. "అమ్మమ్మకు ఉత్తరము వ్రాయుటకు తెల్లవారి పండుగ యెందుకు?" అని లోనికి పోయిరి.

ఆ ప్రశ్న నన్ను దినమంతయు వదలలేదు. మన యిండ్లలో పెండ్లి శుభలేఖకు మూలలయందు పసుపు పూయక యెవరికిని ఈయము గదా. అచ్చుయంత్రము వేయి ప్రతులను ఒక్క తీరున కొట్టి యిచ్చినను, నా పెండ్లికి మా యమ్మయు పిన్నియు రాత్రి ప్రొద్దుపోవువరకు కూర్చుండి ఒక్కొక్కదానికి వ్రేలితో పసుపు రాసిరి. ఆ పసుపు లేనిచో అది ముహూర్తము తెలుపు కాగితమేగాని పిలుపు కాదు. తెల్లవారి కార్డుల కథయు దీనికి మిక్కిలి దూరమైనది కాదు. ఇంగ్లండులో 1840లో ఒక్క పెన్నీకే దేశమంతట ఉత్తరము పంపు ఏర్పాటు వచ్చిన పిమ్మట సామాన్యులు కూడ వీనిని విరివిగా పంపుకొనజొచ్చిరి. ఆ దశకము చివర అమెరికాలోని వూస్టరు పట్టణమున ఎస్తేరు హౌలాండు అను యువతి, కాగితముల వ్యాపారి కూతురు, లేసు కాగితమును రంగు బొమ్మలను అతికించి కార్డులు చేయ నారంభించెను. తోడి స్త్రీలను బల్లచుట్టును కూర్చుండబెట్టి, ఒకరు కత్తిరింప నొకరు అతికింప, ఇంటిలోనే గొప్ప వ్యాపారము నడిపెను. ఊరందరికిని ప్రేమకార్డులు చేసియిచ్చిన ఆమె తాను మాత్రము పెండ్లియాడలేదట!

ఈ మాటలు నేను పిల్లతో చెప్పుచుండగా అత్తగారు వినియుందురు. రాత్రి భోజనములైన పిదప తమ ట్రంకుపెట్టె తెరచి ఒక పాత కవరు తెచ్చి నా చేతిలో పెట్టిరి. అది వారి తల్లికి పుట్టినింటినుండి వచ్చినది. దానిపై నిజాము సంస్థానపు తపాలాబిళ్ల యున్నది. హైదరాబాదు రాజ్యము 1869 మొదలు తన బిళ్లలను తానే వేసికొనుచుండెను. సంస్థానము భారతదేశమున కలిసిన తరువాత 1950లో అవి నిలిచిపోయినవి. ఆ చిన్న బిళ్లమీద వెల తెలుగులో గూడ అచ్చుపడియున్నది. కవరు మూలలయందు పసుపు మరక రంగు మారి మట్టివలె నున్నది. అత్తగారు మరేమియు ననలేదు. "మీ అమ్మమ్మ కార్డుకు గూడ మూలల పసుపు పెట్టుము" అని మనుమరాలితో చెప్పి పరుండిరి.

నాకు కార్డు చేయవలెనను కోరిక పుట్టినది అప్పుడే. ఎవరికో చెప్పుటకు ముందు ఒక సంగతి చెప్పవలెను. మావారు భూపాలపల్లి బొగ్గుగనిలో ఫిట్టరు. పిల్లల చదువులకని నేను వారితోను అత్తగారితోను జనగామలో నుందును. మావారు పదునైదు దినముల కొకసారి హనుమకొండ మీదుగా బస్సులో వచ్చిపోవుచుందురు. మానుకోట దగ్గర మా పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నాకిచ్చిన రెండెకరముల మిరపచేను కలదు. అబ్బాయి యింజనీరింగు చదువుకొరకు దానిని అమ్మవలెనని మావారు తలచి, నాతో మాటమాత్రమైన ననక ఒక బేరగానితో మాట్లాడిరి. సంక్రాంతికి ఆ సంగతి మా యన్న నోట వింటిని. అమ్ముటకంటె నన్ను అడుగకపోవుటయే నన్ను నొప్పించినది. అది మొదలు మా మధ్య మాటలు ఫీజు, కరెంటు బిల్లు, బియ్యము, వీనితో సరి. కొన్ని వారములు గడచినవి. ఫోనులో మాట్లాడబోయిన నా గొంతు గట్టిపడును; వారి గొంతును అంతే.

కావున కార్డు మావారికే. కాని చేయుట నేననుకొన్నంత తేలిక కాలేదు. బెండకాయను తొడిమకు వ్రేలెడు దూరమున అడ్డముగా ఒక్క కోతతో కోయవలెను. రంపమువలె ముందు వెనుకలకు లాగినచో రేకులు చిరుగును. కోసిన వెంటనే రంగులో నద్దితినేని జిగురుతో కలిసి రంగు తీగలు సాగును. పాతగుడ్డపై బోర్లించి అరగంట ఆరనిచ్చిన పిదప అచ్చు స్పష్టముగా పడినది. ముదురు కాయ మేలు. లేతది ఒత్తిడికి నలుగును. ఆలుగడ్డను సగముగా కోసి ఆకు ఆకారము చెక్కి ఆకుల అచ్చు చేసితిని. అన్నిటికంటె ముఖ్యము, క్రింద పూసిన నీటిరంగు పూర్తిగా ఆరకమునుపు అచ్చు వేయరాదు. నేను తొందరపడి రెండు కాగితములు పాడుచేసితిని.

మూడవది వేరొక తప్పుతో పోయినది. మా జనగామకు చేరువనున్న చేర్యాల నకాషీ చిత్రకారుల పటములలో నేలయంతయు నెఱ్ఱగా నుండును గదా, నేనును అట్లే చేయుదునని కాగితమంతయు నెఱ్ఱరంగు పూసితిని. దానిపై ఆకుపచ్చ వేయగా మురికి గోధుమరంగు తేలినది; పసుపుపచ్చ కానరానేలేదు. వారు ఖద్దరుగుడ్డకు చింతగింజల జిగురు, తెల్లసుద్ద పట్టించి, దళసరి రంగులతో వ్రాయుదురు. ఆ రంగులు క్రిందిదానిని కప్పును. నీటిరంగు కప్పదు, క్రిందిది కనబడనిచ్చును. కావున తెలుపు కావలసినచోట కాగితమునే వదలవలెను; లేతరంగు ముందు, ముదురురంగు వెనుక వేయవలెను. పిల్ల ఇది చెప్పుచుండగా కూతురివద్ద చదువుకొనుచున్న తల్లినైతిని.

నాలుగవ కాగితముపై మా మిరపచేను వేసితిని. ఫిబ్రవరి మిరప యెఱ్ఱబడి కోతకు వచ్చు కాలము. ఆకాశమునకు పలుచని నీలము, చేనుకు పచ్చ, నడుమ కాయలు, గట్టున బెండకాయ పువ్వులు. కాగితము తడి యారకముందే కాయలు వేయుటచే నవి వెడల్పుగా వ్యాపించినవి. పెట్టెలో పసుపుపచ్చ బిళ్ల అరిగిపోయినందున వంటింటి పసుపునే నీట కలిపి మూలలకు పూసితిని. గిన్నెలు తోమి సబ్బునీరు సరిగా తుడువని చేతితో తాకగా ఒక మూల కుంకుమరంగు తిరిగినది. సున్నముతో పసుపు కుంకుమయగుట మనకు తెలిసినదే. సబ్బును అదే పని చేసినది. దిద్దలేదు, అట్లే వదలితిని.

ఇక మాటలు. ముందు వేరు కాగితముపై వ్రాసి చూచితిని. మొదటిది నిండ నిష్ఠూరములే. రెండవదానిలో నేను వ్రాసిన తీపిమాటలు నాకే నవ్వు తెప్పించినవి. రెంటిని పొయ్యిలో వేసి, చివరకు కార్డులో నిట్లు వ్రాసితిని: "ఈ యేడు కాయ బాగుగా దిగినదని అన్నయ్య చెప్పెను. మీరు చేను చూచి రెండేండ్లాయెను. ఒకసారి కలిసి పోయి చూతము. నన్ను అడుగక అమ్మవలదు."

మరునాడు తపాలా కచ్చేరికి పోయి తూపించితిని. కవరుతో కలిపి ఇరువది గ్రాముల లోపుననే యుండుటచే అయిదు రూపాయల బిళ్ల చాలినది. మన తపాలా శాఖవారు 2007 ఫిబ్రవరి 7వ తేదీన గులాబీ వాసన గల బిళ్లలు వెలువరించిరి. అట్టివేమైన మిగిలినవా యని పిల్ల యడుగగా అచటి గుమాస్తా నవ్వెను. మామూలు బిళ్లయే యంటించితిమి. డబ్బాలో వేసిన క్షణమున తిరిగి తీసికొనవలె ననిపించినది; చేయి పట్టదు గదా!

పదునాలుగవ తేదీ గడచినది. ఫోనులేదు. పదునేడవ తేదీన ఒక కవరు వచ్చినది. మావారు ఉత్తరము వ్రాసి ఎన్నియేండ్లయినదో. గని రిజిస్టరునుండి చించినట్లున్న గీతల కాగితము, అంచున నల్లని వ్రేలిముద్ర. "కార్డు అందినది. కాయలు చపాటా రకమువలె గుండ్రముగా వేసితివి. మనది పొడుగు కాయ గదా. బేరగానికి వద్దని చెప్పితిని. అబ్బాయి ఫీజుకు బ్యాంకులో అడిగి చూచెదను, దొరకకున్న ఏమి చేయుదమో నీవే చెప్పుము. ఆదివారము వచ్చెదను. ఆ పువ్వులు దేనితో వేసితివి?"

ఫీజు సంగతి ఇంకను తేలలేదు. ఆదివారము మావారు వచ్చిరి. ఆనాడు బెండకాయ కూరయే వండితిని. తొడిమలు మాత్రము తీసి గుడ్డమీద ఆరబెట్టియుంచితిని.