రాని పేరు దగ్గర ఆగిన సారు

మేం దుర్గి హైస్కూల్లో చదువుకున్న సుగాలీ తండా పిల్లలం. మిరప కోతలూ పదో తరగతి పరీక్షలూ ఒకే కాలంలో వచ్చేవి. యాడీ, బా కోతకు రమ్మంటే బడి మానేవాళ్లం. హాజరు పిలుస్తూ మా తెలుగు సారు రాని పిల్లల పేర్ల దగ్గర ఆగేవారు. సాయంత్రం సైకిలెక్కి తండాకొచ్చేవారు. తిట్టేవారు కాదు. కల్లంలో కూర్చుని మాతోపాటు తాలుకాయలు ఏరుతూ పాఠం చెప్పేవారు. ‘నీళ్లను మీరేమంటారు?’ అని అడిగి, ‘పాణి’ అని నోట్సులో రాసుకునేవారు. సొంత లిపి లేని మా గోర్‌బోలి మాటను అక్షరాల్లో చూడటం మాకదే మొదలు. ఇంటి మాటంటే ఉన్న సిగ్గు అక్కడే పోయింది.

ఇప్పుడు మాలో కొందరం టీచర్లం. కోతల కాలంలో ఈనాటికీ బెంచీలు ఖాళీ అవుతున్నాయి. గైర్హాజరు వేయబోతే మా పెన్ను ఆగుతుంది. సాయంత్రం బండి తండా వైపు తిప్పుతాం.