కోతికీ పంపుకీ ముడి

ఈ సంచికలో మిత్రులు దేశం గురించీ, యువతరం బాధ్యతల గురించీ గంభీరమైన వ్యాసాలు రాసి ఉంటారు. నేను రాయబోయేది ఒక పాత కంప్యూటరు ఆట గురించి. సైన్సు చదివే ఇరవయ్యేళ్ళవాడికి ఇంతకంటే మంచి విషయం దొరకలేదా అని లెక్చరర్లు విసుక్కోవద్దని మనవి. నాకు చెప్పుకోవలసిన మాట ఒకటుంది; ఆట సంగతి చెబితే గాని ఆ మాట నోట రాదు.

2016 వేసవి. నేను ఆరో తరగతి, మా పెద్దనాన్నగారి అబ్బాయి పదో తరగతి పూర్తిచేశాం. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా చిన్నమామయ్య తాను వాడి పక్కన పెట్టిన కంప్యూటరొకటి తెచ్చి మా ఇంట్లో పడేశాడు. అందులో ఆయన చిన్ననాటి ఆటలు కొన్ని ఉన్నాయి. 2001లో మొదలైన స్కమ్‌వీఎం అనే ప్రోగ్రాము పుణ్యమా అని ఆ పాతవి కొత్త కంప్యూటర్ల మీద కూడా నడుస్తాయట. వాటిలో ఒకటి ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’. అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వారి కోసం రాన్ గిల్బర్ట్, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ అనే ముగ్గురు కలిసి రాసినది, 1990లో వచ్చింది. అంటే నేను పుట్టడానికి పదిహేనేళ్ళ ముందుది.

అందులో కాల్పుల హడావుడి లేదు. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడికి సముద్రపు దొంగ కావాలని కోరిక. పైన బొమ్మ, కింద తొమ్మిది మాటలు: ఇవ్వు, తీసుకో, వాడు, తెరువు, మూయి, చూడు, మాట్లాడు, నెట్టు, లాగు. ఒక మాట మీదా, ఒక వస్తువు మీదా మౌసుతో నొక్కితే అతను ఆ పని చేస్తాడు. అంతే ఆట! 1984 నాటి ‘కింగ్స్ క్వెస్ట్’ వంటి వాటిలో ఆజ్ఞలు టైపు చెయ్యాలి. అడుగు తప్పితే ప్రాణం పోయేది. ఆడేవాణ్ణి చంపి పాఠం నేర్పడం పద్ధతి కాదని గిల్బర్ట్ 1989లో ఒక వ్యాసమే రాశాడు. అందుకే అతని ఆటలో చావడం చాలా కష్టం. ఓటమి లేదు గాని, ఇరుక్కుపోవడం మాత్రం ఉంది. అదీ రోజుల తరబడి.

మేం మొదట ఇరుక్కున్నది ఒక రబ్బరు కోడి దగ్గర. దాని నడుమ ఒక పుల్లీ ఉంటుంది. పుల్లీ అంటే మాకు తెలిసింది పిండిమరలో పట్టా తిరిగే చక్రం. కోడికి మోటారు ఎక్కడుందా అని నాలుగు రోజులు ఆ దీవంతా గాలించాం. అయిదో రోజు పొద్దున అన్నయ్య పెరటి బావిలో నీళ్ళు తోడుతూ చేద సగంలో ఆపేసి, “ఒరే! గిలకని కూడా బళ్ళో పుల్లీ అనే చెప్పారు కదరా!” అని కేకేశాడు. చేద అలాగే వదిలేసి లోపలికి పరుగెత్తాం. రెండు దీవుల మధ్య కట్టిన తీగకి కోడిని తగిలించగానే గైబ్రష్ జర్రున జారి అవతలికి చేరాడు. ఇంటర్‌లో ర్యాంకు వచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు సుమా!

మరుసటి వేసవి 1991లో వచ్చిన రెండో భాగం మొదలుపెట్టాం. అందులో ఒక జలపాతం, దాని పైన నీళ్ళు తోడే పంపు. పంపు కట్టేస్తే గాని దారి కనిపించదు. “పంపా? ఇది మన పనేరా!” అని అన్నయ్య నవ్వాడు. కాని రెండు వారాలైనా ఆ పంపు కదల్లేదు. గైబ్రష్ దగ్గరున్న వస్తువుల జాబితా కాగితం మీద రాసుకుని అన్నయ్య జేబులో పెట్టుకు తిరిగేవాడు. చేలో కాలవ మళ్ళిస్తూ కూడా తీసి చూసుకునేవాడు.

అప్పటికి సెల్‌ఫోనులో నెట్టు చవకయింది. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట ఇచ్చే రోజులవి. ఒక రాత్రి అన్నయ్య మోటారు వెయ్యడానికి చేనుకి వెళ్ళాడు. నేను నాన్న ఫోను తీసి జవాబు చూసేశాను. పియానో వాయించే కోతిని అరటిపండుతో మైకం కమ్మేలా చేసి, కర్రలా బిగుసుకున్న ఆ కోతినే పానాలా పంపుకి బిగించి తిప్పాలట! ఇంగ్లీషులో ఒక రకం పానాని మంకీ రెంచి అంటారు. ఆ మాట మీద వేసిన హాస్యమది. ఆ మాట ఎరగనివాడు జన్మంతా కూర్చున్నా తట్టదు.

తెల్లారి అన్నయ్య ముందు కోతిని తిప్పి చూపించాను. నోరు తెరిచి చూసి, “కోతికీ పంపుకీ ముడి ఎలా పెట్టావురా?” అన్నాడు.

“ఆలోచించాను” అన్నాను.

జేబులో కాగితం తీసి చింపేసి, నా వీపు తట్టి, ఊళ్ళో కనిపించిన వాడికల్లా చెప్పుకున్నాడు.

2018లో పెద్దనాన్నకి నడుం పడిపోయింది. అన్నయ్య ఇంటర్ అప్పుడే అయింది. ఉమ్మడి కుటుంబం, ఇద్దర్నీ పైకి చదివించే స్తోమత లేదు. పెద్దలంతా అరుగు మీద కూర్చున్నప్పుడు అన్నయ్యే అన్నాడు: “పొలం నేను చూస్తాను. చదివితే తమ్ముడే చదవాలి. కోతికీ పంపుకీ ముడి పెట్టిన బుర్ర వాడిది.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఒక్క మాటతోనే వాడి చదువు ఆగిందని అనను; అప్పులున్నాయి, పెద్దనాన్న మంచం ఉంది. కాని ఆ లెక్కలో నా అబద్ధం కూడా ఒక అంకె.

జవాబు చూడటం నేరం కాదు. ఆ రోజుల్లో అమెరికాలో కూడా సూచనల పుస్తకాలు కొనుక్కునేవారు, కంపెనీకి ఫోను చేసి అడిగేవారు. 2022లో వచ్చిన ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’లోనైతే సూచనల పుస్తకాన్ని ఆటలోనే పెట్టేశారు. ఇద్దరం కలిసి చూసి ఉంటే పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. నేను దొంగచాటుగా చూసి నాదన్నాను. అదీ తప్పు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా బావి మీది మోటారు తిరుగుతోంది గాని నీళ్ళు ఎత్తడం లేదు. నేను వెంటనే సెల్ తీశాను. “ఉండరా, కాసేపు చూద్దాం” అన్నాడు అన్నయ్య. స్టార్టరు తెరిచాడు, చూశాడు, మూశాడు. గొట్టం వెంట చెయ్యి పెట్టి గాలి లాగుతోందేమో చూశాడు. చివరికి బావిలోకి దిగి ఫుట్‌వాల్వు పైకి లాగితే అందులో గుడ్డపీలిక. గంట పట్టింది. నీళ్ళు పడగానే నావైపు చూసి, “ఈసారి కోతి అక్కర్లేకపోయింది” అని నవ్వాడు. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. చెప్పలేకపోయాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి ఇంటికి పట్టుకెళ్ళి అన్నయ్య చేతికిస్తాను. తిడితే పడతాను. కోపం తగ్గాక మామయ్య కంప్యూటరు దుమ్ము దులిపి, 1997 నాటి మూడో భాగం మొదలుపెడదామా అని అడుగుతాను. సెల్‌ఫోను ఆ వారం రోజులూ అమ్మ దగ్గర ఉంటుంది.