తిరుగుడు వంతెన

టెండరు తగిలించిన ఆవిరియింజను వెనుకకు నడుచునపుడు డ్రైవరునకు త్రోవ చక్కగా గానరాదు. అందుచే ఇంజనును మరలించుటకై లోకోషెడ్లలో టర్న్‌టేబులు, అనగా తిరుగుడు వంతెన, నిర్మించెడివారు. మా పాఠశాలలోని రైలు నమూనాయందును అట్టిది కలదు. నమూనా పరిమాణము అసలులో 87వ వంతు. పట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు. వంతెనను దానిపైనున్న 12 వోల్టుల మోటారు త్రిప్పును.

ప్రదర్శనమునకు రెండు దినములు ముందు వంతెన నడుమ నిలిచిపోజొచ్చెను. మోటారు చెడినది, క్రొత్తది కొనవలెనని కొంద ఱనిరి. అందులకు మాయొద్ద ధనము లేదు. వంతెన ఎల్లప్పుడు నొక్కచోటనే నిలుచుట మేము గమనించితిమి. మోటారే చెడినచో ఎచ్చటనైనను నిలువవలెను గదా! పండ్లచక్రమును విడదీసి చేతితో త్రిప్పగా ఎక్కడను బిగువు లేదు. పిమ్మట మోటారు తీగెలకు చిన్నదీపమును తగిలించి మరల త్రిప్పితిమి. ఆ చోటికి రాగానే దీప మారెను! విద్యుత్తే అందుటలేదని తేలినది. ఇరుసు చుట్టునున్న రాగి కంకణముపై అచ్చట నల్లని చిలుము పట్టియుండెను. పెన్సిలు రబ్బరుతో రుద్దగా వంతెన నిరాటంకముగా తిరిగెను. కాసైనను వ్యయము కాలేదు.

పరీక్షింపక దేనిని పాఱవేయరాదని తమ్ములకు మా మనవి.