ఒక్క క్లబ్బు

త్రీ ఐరన్ గోల్ఫ్ క్లబ్బు మొండిది. చిన్న షాట్లకు బొత్తిగా పనికిరాదంటారు. స్పెయిన్ ఉత్తర తీరంలో, పెద్రెన్యా సముద్రపొడ్డున ఓ పిల్లవాడికి మాత్రం ఉన్నది అదొక్కటే. తడి ఇసుకలోంచి బంతిని పైకి లేపాలన్నా, మెల్లగా దొర్లించాలన్నా దాన్నే బతిమాలుకోవాలి. మణికట్టు తిప్పి, క్లబ్బు ముఖం తెరిచి, లేని పనిముట్లన్నీ చేతుల్లోనే తయారు చేసుకున్నాడు.

ఆ పిల్లవాడే సెవె బయెస్తెరోస్. 1979 ఓపెన్ గోల్ఫ్ టోర్నీ చివరి రోజు, పదహారో హోల్‌లో బంతి కార్లు నిలిపే చోటికి కొట్టాడు. ఇంకొకరైతే గుండె జారేది. అతను ఆ హోల్‌ను నిర్ణీత షాట్ల కన్నా ఒకటి తక్కువలో ముగించి (బర్డీ చేసి), 22 ఏళ్లకే ఓపెన్ గెలిచాడు. ఆ తర్వాత మేజర్లనే అతిపెద్ద టోర్నీలు మరో నాలుగు.

2008 అక్టోబరులో మద్రిద్ విమానాశ్రయంలో కుప్పకూలాడు. మెదడులో కణితి. వరుసగా శస్త్రచికిత్సలు, కీమోథెరపీ. ఆ నీరసంలోనే, 2009లో, క్యాన్సర్ పరిశోధన కోసం ఫౌండేషన్ పెట్టాడు. నన్ను కదిలించేది ట్రోఫీల కన్నా ఇదే. బంతి ఎక్కడ పడితే అక్కడినుంచే ఆడాలన్న పట్టుదల ఒంట్లోకి ఎప్పుడు ఇంకుతుంది? ఆ ఇసుకలోనేనా? 2011 మే 7న, 54 ఏళ్లకు, పెద్రెన్యాలోనే కన్నుమూశాడు. ఫౌండేషన్ మాత్రం ఆగలేదు.