ఒక్క ప్రోటాన్ తేడా

నిన్న రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. బంగారం పరమాణువు కేంద్రకంలో ప్రోటాన్లు 79. పాదరసంలో 80. అంతే! ఆ ఒక్కటీ ఎక్కువైనందుకే ఒకటి అమ్మ చెవికి కమ్మయి కూర్చుంది, ఇంకోటి చేతికి చిక్కకుండా గచ్చు మీద పరుగులు తీసింది.

చిన్నప్పుడు మా ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు జారి పగిలింది. నేలంతా వెండి చుక్కలు. పుల్లతో పొడిస్తే రెండుగా చీలతాయి, దగ్గరికి తోస్తే గబుక్కున ఒకటైపోతాయి. అమ్మ పరుగున వచ్చి, "విషంరా, ముట్టుకోకు!" అని నన్ను లాగేసి, ముందు తన ఉంగరం తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత అట్టముక్కతో వాటిని ఎత్తింది. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని ఆమెకు తెలుసు. ఆ రెండూ పక్కపక్క ఇళ్లవని మా ఇద్దరికీ తెలీదు.

బంగారం కరగాలంటే 1064 డిగ్రీల సెల్సియస్ సెగ కావాలి. పాదరసం గడ్డకట్టాలంటే సున్నాకి దిగువన 39 డిగ్రీల చలి కావాలి. ఒక్క ప్రోటాన్‌కి ఇంత దూరమా!

ఈ లెక్క పట్టుకున్నవాడు హెన్రీ మోస్లీ. 1913లో ఒక్కో మూలకాన్నీ ఎలక్ట్రాన్లతో కొట్టి, అది చిమ్మే ఎక్స్ కిరణాలను కొలిచాడు. మూలకం మారినప్పుడల్లా వాటి పౌనఃపున్యపు వర్గమూలం ఒక్కో మెట్టు ఎక్కుతూ పోయింది. అన్నీ సమానమైన మెట్లే, ఒక్కో మెట్టుకీ ఒక్కో ప్రోటాన్. మధ్యలో మెట్టు ఖాళీగా కనబడితే అక్కడ ఇంకా దొరకని మూలకం ఉందన్నమాట. 43, 61 ప్రోటాన్ల మూలకాలు అలా తేలినవే. 1915లో గల్లిపోలి యుద్ధంలో తూటా తగిలి పోయాడు. 27 ఏళ్లవాడు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అసలు విడ్డూరం బంగారం రంగులో ఉంది. 79 ప్రోటాన్ల లాగుడికి లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగాన్ని దాటి తిరుగుతాయట. అంత జోరులో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం లెక్కలోకొచ్చి కక్ష్యలు సర్దుకుంటాయి, దాంతో ఆ లోహం నీలి కాంతిని మింగేస్తుంది. మనకు మిగిలేది పసుపు. లేకుంటే బంగారమూ వెండిలా తెల్లగానే ఉండేది! పాదరసం మన గదిలో ద్రవంగా ఉండటానికీ అదే మూలం.

పరుసవేది కోసం కుంపట్ల ముందు జీవితాలు ధారపోసిన రసవాదుల మీద ఇప్పుడు నాకెంత ప్రేమ పుట్టిందో! పాదరసాన్ని బంగారం చేయాలని వాళ్లు కోరిన మార్పు ఒక్క ప్రోటానంత చిన్నది. కుంపటి సెగ ఎలక్ట్రాన్ల దాకానే పోతుంది, కేంద్రకం గడప తొక్కలేదు.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఆగి, "మరి బంగారంలోంచి ఒకటి తీసేస్తే ఏమవుతుందిరా?" అంది.

78. ప్లాటినం, అమ్మా!