పియానో, బీరువా

సంక్రాంతికి నరసరావుపేట వెళ్ళినప్పుడు నాన్నకి ‘ది మ్యూజిక్ బాక్స్’ చూపించాను. లారెల్, హార్డీల సినిమా, 1932లో వచ్చింది. అరగంట కూడా ఉండదు. ఇద్దరు మనుషులు పెట్టెలో ఉన్న పియానోని మెట్లమీదుగా ఒక ఇంటికి చేర్చాలి, కథ అంతే. హాస్య లఘుచిత్రానికి ఆస్కార్ ఇవ్వడం మొదలెట్టిన ఏడాది ఆ బహుమతి దీనికే వచ్చింది. ఆ 133 మెట్లు లాస్ ఏంజెలిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. మాటలు ఇంగ్లీషయినా పర్లేదనుకున్నా. కోటప్పకొండ తిరనాళ్ళకి ప్రభలు లాగే ఊళ్ళ మనిషికి బరువుని అనువదించి చెప్పాలా?

నాన్న నవ్వలేదు. మొదట్లోనే గుర్రం జరిగి పెట్టె హార్డీ మీద పడితే "అయ్యయ్యో" అన్నాడు. అది చేయిజారి మెట్లంట కిందకి పోతుంటే నేను పగలబడి నవ్వుతున్నా. ఆయన ముందుకి వంగి, "తాడు వేసుకోవాలిరా, అట్టా పట్టుకుంటే జారదా?" అంటాడు. ముప్పై ఏళ్ళు బీరువాల షాపులో హమాలీగా చేశాడు మరి.

కాసేపాగి, "అది ఏడుస్తందిరా" అన్నాడు.

పియానో గురించి. పెట్టె మెట్టుకి తగిలినప్పుడల్లా లోపల్నించి తీగలు మోగుతాయి.

ఈ సినిమా గురించి రాద్దామని నేను చాలానే చదివి పెట్టుకున్నా. 1927లో ఈ జంటే, ఈ మెట్ల మీదే, ‘హ్యాట్స్ ఆఫ్’ అని ఒక మూకీ చేసింది. దాని ప్రింటు ఎక్కడా దొరకడం లేదు. అందులో వాళ్ళు మోసింది బట్టలుతికే మిషను. టాకీ వచ్చాక అదే కథని మళ్ళీ తీస్తూ మిషను బదులు పియానో పెట్టారు. బరువుకి గొంతొచ్చింది. పెట్టెలో ఏమవుతోందో మనకి కనపడదు, వినపడుతుంది. అప్పట్లో శబ్దం అంటే ఎక్కువగా మాటలూ పాటలే. అదే ఏడాది ఫిబ్రవరిలో విడుదలైన మన ‘భక్త ప్రహ్లాద’ కూడా రంగస్థలం నుంచి వచ్చిందే. వీళ్ళేమో శబ్దాన్ని దెబ్బ కోసం వాడుకున్నారు. నేను నాలుగు పేజీల్లో చెబుదామనుకున్న సంగతి ఇది. నాన్నకి రెండు మాటలు సరిపోయాయి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, నాన్నతోపాటు బండి మీద వెళ్ళాను. ఎవరిదో మేడ. మెట్ల మలుపులో బీరువా జారింది. నాన్న నాలుగు మెట్లు కూర్చునే జారిపోయాడు, వెనకే బీరువా. తలుపుకున్న అద్దం భళ్ళుమంది. చూస్తున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అద్దం డబ్బులు ఓనరు కూలిలో పట్టుకున్నాడు. నడుం నొప్పి నాన్నకే మిగిలింది. ఆ నవ్వు ఆయనకి వినపడిందో లేదో ఇన్నేళ్ళలో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామని, సినిమా ఆపడానికి రిమోట్ చేతిలోకి తీసుకున్నా. మళ్ళీ పక్కన పెట్టేశా.

తెరమీద ఇద్దరూ ఎట్లాగో పైకి చేరారు. అప్పుడొక పోస్టుమాన్ వచ్చి, ఇంటిదాకా బండి రోడ్డు ఉందిగా, అటు తీసుకురావాల్సింది అంటాడు. వాళ్ళు పియానోని మెట్లన్నీ దించి, బండెక్కించి, రోడ్డు మీదుగా తెస్తారు.

అక్కడ నవ్వాడు నాన్న. నడుం పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "మేమూ చేశాంరా ఇట్టాంటిది! మూడో అంతస్తుకి ఎక్కించినాక, ఇది మాది కాదు, పక్కింటోళ్ళదన్నారు." ఈ కథ నేనెప్పుడూ వినలేదు. రెండుసార్లు చెప్పించుకున్నా.

చివర్లో ఆ ఇంటి ప్రొఫెసరు పియానోని గొడ్డలితో నరికేస్తాడు. అది భార్య తన కోసం కొన్న కానుకని తెలిశాక మెత్తబడి, రసీదు మీద సంతకం పెట్టబోతే పెన్నులోంచి సిరా మొహాన చిమ్ముతుంది. ఇద్దర్నీ తరుముతాడు. అయిపోయింది.

నాన్న ఇంకా టీవీ వంకే చూస్తున్నాడు.

"మరి కూలి?" అన్నాడు.