గోడ అవతలి హోరు

1999 నవంబర్ 27, శనివారం. అట్లాంటాలో జార్జియా టెక్ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వాళ్ళ వాన్ లీర్ భవనం దాదాపు ఖాళీగా ఉంది. థాంక్స్‌గివింగ్ సెలవులకి పిల్లలందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఇల్లు సముద్రాల అవతల ఉన్నవాళ్ళమే ల్యాబుల్లో మిగిలాం. నేను ఎం.ఎస్. రెండో ఏడు. ఎంతకీ నడవని ప్రోగ్రాం ఒకదానితో పొద్దుటి నుంచీ కుస్తీ పడుతున్నాను.

ఉన్నట్టుండి బయటి నుంచి ఒక హోరు వచ్చింది. మాది బాపట్ల. తుఫాను పట్టిన రాత్రుళ్ళు గాలి ఇటు తిరిగితే సూర్యలంక సముద్రం ఊళ్ళోకి వినపడేది. అచ్చం అలాంటి హోరు. కిటికీ అద్దం సన్నగా వణికింది. కాసేపు ఆగి మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా పెద్దగా, ఎంతకీ ఆగకుండా. లేచి కిటికీ దగ్గరకి వెళ్ళాను. చెట్లూ, ఇటుక గోడలూ తప్ప ఏమీ కనపడలేదు. వచ్చి కూర్చుని మళ్ళీ ప్రోగ్రాంలో పడ్డాను.

అది కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడే బాబీ డాడ్ స్టేడియం నుంచి వచ్చిన కేక అని తెలుసు. ఏం జరిగిందో మర్నాడు పేపర్లో చూశాను. పక్క ఊరు ఏథెన్స్‌లోని జార్జియా యూనివర్సిటీ మీద, అంటే ఈ కాలేజీకి ఆగర్భ శత్రువుల మీద, ఓవర్‌టైమ్‌లో 51-48తో గెలిచారట. ల్యూక్ మాంగెట్ అనే కుర్రాడు తన్నిన బంతిని అవతలివాళ్ళు అడ్డుకుంటే, అది మళ్ళీ మనవాళ్ళ చేతికే దొరికిందట. ఇంకొక్క అవకాశం మిగిలి ఉండటంతో రెండోసారి తన్ని గెలిపించాడట. 'మనవాళ్ళ' అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పట్లో నాకు ఆ మాట నోటికి వచ్చేది కాదు.

అప్పుడు కాలేజీ పక్క పేట హోమ్ పార్క్‌లో ఒక పాత ఇంట్లో నలుగురు తెలుగు కుర్రాళ్ళం అద్దెకుండేవాళ్ళం. వంతులవారీగా వంట. ఆట ఉన్న శనివారాల్లో మా వీధి నిండా కార్లు ఆగేవి. తెలుపూ బంగారు రంగుల చొక్కాలతో తాతలూ మనవళ్ళూ గుంపులుగా నడిచి వెళ్ళేవాళ్ళు. మేం అరుగు మీద నిలబడి చూసేవాళ్ళం. ప్రతి సెమిస్టరూ వచ్చే ఫీజుల చీటీలో 'అథ్లెటిక్ ఫీజు' అని ఒక వరస ఉండేది. గొణుక్కుంటూ కట్టేసేవాణ్ణి. ఆ డబ్బు కట్టినవాడికి స్టేడియంలో చోటుంటుందనీ, విద్యార్థి కార్డు చూపించి లోపలికి వెళ్ళొచ్చనీ నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చదువు వాళ్ళ దగ్గర కొనుక్కోవడానికి వచ్చాం, పండగ వాళ్ళది అనుకున్నాను. రెండేళ్ళూ గోడకి ఇవతలే గడిచిపోయాయి.

మొదటిసారి లోపలికి వెళ్ళింది 2006లో, ఆఫీసులో ఎవరో వదులుకున్న టికెట్ మీద. సెప్టెంబర్ 2 రాత్రి, నోటర్ డామ్‌తో ఆట. స్టేడియం ఎక్కడా ఖాళీ లేదు. పక్క సీట్లో డెబ్భై దాటిన పెద్దాయన, యాభైల్లో అక్కడే మెకానికల్ చదివినవాడు. నేను తెల్లమొహం వేసుకుని చూస్తుంటే అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు అవకాశాలు, పది గజాలు. పది దాటితే మళ్ళీ కొత్తగా నాలుగు. దాటలేకపోతే బంతి అవతలివాళ్ళది. గీత దాటి చివరిదాకా తీసుకెళితే టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు, ఆపైన తన్నితే ఒకటి. అంతదూరం పోలేమనుకుంటే అక్కడి నుంచే కర్రల మధ్యకి తన్ని మూడు తెచ్చుకోవచ్చు. "బంతి కదిలినప్పుడు కాదు, ఆగినప్పుడు చూడు. ఎవరెక్కడ నిలబడ్డారో చూడు. ఆటంతా అక్కడే ఉంది" అన్నాడాయన. ఆ రాత్రి కాల్విన్ జాన్సన్ అనే పొడగరి, మీద పడ్డవాళ్ళకి అందనంత ఎత్తులో బంతులు పట్టాడు. 14-10తో ఓడిపోయాం. బయటికొస్తూ నేను దిగులుపడుతున్నానని గమనించుకుని ఆశ్చర్యపోయాను. పరాయివాళ్ళ ఓటమికి మనిషి దిగులుపడడు కదా.

ఆ తరవాత ఏటా వెళ్ళాను. అమ్మాయి పుట్టాక దాన్ని భుజం మీద ఎక్కించుకుని వెళ్ళాను. టచ్‌డౌన్ పడ్డప్పుడల్లా కాలేజీ ఆవిరి కూత మోగితే రెండు చేతులతో చెవులు మూసుకునేది. ఆ అమ్మాయే పెరిగి అదే కాలేజీలో చేరింది. 2024 ఆగస్టులో సీజన్ మొదటి ఆట డబ్లిన్‌లో, ఫ్లోరిడా స్టేట్‌తో అని తెలిసిన రోజున, "వెళ్దాం నాన్నా" అంది. ఆ వేసవిలో బాపట్ల వెళ్ళాల్సిన డబ్బు అది. అమ్మకి ఫోన్ చేసి, సంక్రాంతికి వస్తామని చెప్పాను.

"ఐర్లాండా? బంతాట చూడ్డానికా? ఎవరు ఆడుతున్నార్రా?"

"మా కాలేజీ అమ్మా."

"మీ కాలేజీ వరంగల్‌లో కదరా!"

నిజమే. అమ్మకి నా కాలేజీ అంటే వరంగల్ ఆర్.ఈ.సి.నే. నన్ను రైలెక్కించడానికి తను స్టేషన్‌కి వచ్చిన కాలేజీ అది. ఇది కూడా నాదేనని ఆవిడకి చెప్పడానికి సరైన మాట దొరకలేదు. "పాపది కూడానమ్మా" అన్నాను. "అయితే జాగ్రత్తగా వెళ్ళిరండి" అంది.

అట్లాంటా నుంచి రాత్రి బయల్దేరిన విమానం నిండా తెలుపూ బంగారు రంగులే. తెల్లవారి దిగేసరికి డబ్లిన్‌లో చల్లటి గాలి. అట్లాంటా ఆగస్టులో ఉక్కిరిబిక్కిరయ్యే మాకు ప్రాణం లేచివచ్చింది. అమెరికా కాలేజీ జట్లు ఇక్కడికి వచ్చి ఆడటం కొత్తేమీ కాదు. 1996లోనే నోటర్ డామ్, నేవీ జట్లు క్రోక్ పార్క్‌లో ఆడాయి. మా టెక్ కూడా 2016లో బోస్టన్ కాలేజీని ఇక్కడే 17-14తో ఓడించింది. అప్పుడు అమ్మాయి చిన్నది, టీవీలో చూశాం.

ఆటకి ముందురోజు లిఫీ నది ఒడ్డున నేనూ, మా ఆవిడా, అమ్మాయీ నడుస్తుంటే కస్టమ్ హౌస్ క్వే దగ్గర కంచు విగ్రహాలు కనిపించాయి. ఎముకల గూళ్ళలాంటి మనుషులు, చిన్న మూటల్ని గుండెలకి హత్తుకుని ఓడరేవు వైపు నడుస్తున్నారు. 1845లో మొదలైన బంగాళాదుంప కరువు జ్ఞాపకం అది. పది లక్షలమంది చచ్చిపోయి, అంతమందీ దేశం వదిలిపోయారు. మాతో విమానంలో వచ్చినవాళ్ళలో ఒక కుటుంబం అక్కడే నిలబడి ఉంది. వాళ్ళ ముత్తాత ఏ ఊరివాడో వెతుక్కోవడానికి ఆట అయ్యాక ఇంకో వారం ఉంటారట. మా ఆవిడ ఆ విగ్రహాల్లో ఒకదాని చేతిలోని మూట వైపే చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఆట రోజు పొద్దున ఆవిడ పెట్టె అడుగు నుంచి చీర తీసింది. తెల్లటి మంగళగిరి నూలు చీర, జరీతో నేసిన నిజాం అంచు. వాళ్ళమ్మ పెట్టింది. "మీ రంగులు ఇవేగా" అంది. సరిగ్గా ఇవే. పైన ఉన్ని కోటు వేసుకుని గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో నడుస్తుంటే ముక్కూమొహం తెలియని టెక్ వాళ్ళు ఆగి ఆగి ఫొటోలు తీయించుకున్నారు. ఒక పెద్దావిడ అంచుని వేళ్ళతో తడిమి, ఎక్కడ నేస్తారు, ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగింది. మా ఆవిడ గుంట మగ్గం గురించి నడివీధిలో నిలబడి ఆవిడకి ఓపిగ్గా చెప్పింది. ఈ దేశాలు వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె అంత తీరుబాటుగా, అంత హక్కుగా నలుగురిలో నిలబడటం నేను చూళ్ళేదు. కాలేజ్ గ్రీన్‌లో ట్రినిటీ కాలేజీ ఎదురుగా ఈఎస్‌పీఎన్ వాళ్ళు 'కాలేజ్ గేమ్‌డే' కార్యక్రమానికి వేదిక కట్టారు. అమెరికా బయట ఆ కార్యక్రమం చెయ్యడం వాళ్ళకి అదే మొదలు. మా అమ్మాయి స్నేహితులతో ఆ గుంపులో కలిసిపోయి, మళ్ళీ రైలు దగ్గరే దొరికింది, గొంతు అప్పటికే బొంగురుపోయి.

డార్ట్ రైలు లాన్స్‌డౌన్ రోడ్ స్టేషన్‌లో మమ్మల్ని స్టేడియం గోడ పక్కనే దించింది. 1878 నుంచి రగ్బీ అంతర్జాతీయ పోటీలు జరిగిన నేల. ఇప్పుడున్న అవీవా స్టేడియం 2010లో తెరిచారు. అలలా లేచిన అద్దంలాంటి గోడ ఉత్తరం వైపుకి వచ్చేసరికి బాగా కిందికి దిగిపోతుంది. వెనకున్న చిన్న ఇళ్ళకి వెలుతురు పోకుండా అలా కట్టారట. అంత పెద్ద కట్టడం పొరుగువాళ్ళ ఎండ కోసం వంగింది. ఇంజనీర్‌గా ఆ వంపు నాకు ఎంతో నచ్చింది.

మా పక్క సీట్లలో ఒక డబ్లిన్ ఆవిడా, ఆవిడ పధ్నాలుగేళ్ళ కొడుకూ. రగ్బీ, గేలిక్ ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళు. అయిదు క్షణాలు ఆడి అర నిమిషం ఆగే ఈ ఆట వాళ్ళకి అంతుపట్టలేదు. "ఎందుకిలా మాటిమాటికీ ఆగిపోతారు?" అని అడిగాడు కుర్రాడు. నాలుగు అవకాశాలు, అంటే నాలుగు డౌన్లు, పది గజాలు అని మొదలుపెట్టాను. "ఆగినప్పుడు చూడు నాయనా, ఎవరెక్కడ నిలబడ్డారో చూడు" అన్నాను. రెండో క్వార్టర్‌కల్లా ఆ పిల్లవాడే వాళ్ళమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు.

ఫ్లోరిడా స్టేట్ చిన్న జట్టేమీ కాదు. అంతకుముందు ఏడాది పదమూడుకి పదమూడు ఆటలూ గెలిచి కూడా జాతీయ ప్లేఆఫ్‌లో చోటు దక్కక రగిలిపోయినవాళ్ళు. దేశంలో పదో ర్యాంకుతో వచ్చారు. మాకు ర్యాంకే లేదు. బంతి చేతికి రాగానే మైదానం పొడుగునా దున్నుకుంటూ వచ్చి టచ్‌డౌన్ కొట్టేశారు. అటువైపు సగం స్టేడియం చేతుల్ని గొడ్డళ్ళలా ఊపుతూ వాళ్ళ యుద్ధనాదం ఎత్తుకుంది. నా కడుపులో ఏదో జారిపోయింది. కానీ మా కుర్రాళ్ళు చెదరలేదు. క్వార్టర్‌బ్యాక్ హేన్స్ కింగ్, బంతి పట్టుకుని పరుగెత్తే జమాల్ హేన్స్, వీళ్ళ ముందు నిలబడి దారి చేసే అయిదుగురు పెద్ద కుర్రాళ్ళు. నాలుగేసి గజాలు, అయిదేసి గజాలు, గట్టు తవ్వినట్టు తవ్వుకుంటూ పోయారు. ఆ అయిదుగురి పేర్లు ఎవరూ అరవరు. నాకు మాత్రం ఆ ఆట వాళ్ళదే అనిపించింది. ఫ్లోరిడా కిక్కర్ ర్యాన్ ఫిట్జ్‌జెరాల్డ్ 59 గజాల నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చినప్పుడు మా అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది. అంత దూరం నుంచి తన్నినవాడికి శత్రువైనా చప్పట్లు కొట్టాల్సిందే.

ఆఖరి క్వార్టర్‌లో వాళ్ళు టచ్‌డౌన్ కొట్టి, దాని మీద ఇంకో రెండు పాయింట్లు కూడా రాబట్టి 21-21 చేశారు. గడియారంలో ఇంకా ఆరు నిమిషాల పైనే ఉంది. అప్పుడు మావాళ్ళు చేసిన పని గురించి ఒక పూట చెప్పగలను. బంతి తీసుకున్నారు, ఇక వదల్లేదు. గెలుపు కోసం పరుగులు తీయలేదు. పది గజాలు, మళ్ళీ పది గజాలు. గడియారం కరిగిపోతోంది, బంతి వీళ్ళ చేతుల్లోనే ఉంది. అవతలి జట్టు గట్టున కూర్చున్న క్వార్టర్‌బ్యాక్‌కి మళ్ళీ మైదానంలోకి వచ్చే దారి లేదు. ఆరు నిమిషాలూ అలాగే తినేశారు. ఆ ఓపిక చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. చీర కొంగు రెండో చేతికి చుట్టుకుని ఉంది.

ఇక తన్నడమే మిగిలింది. 44 గజాలు. ఏడన్ బిర్ వచ్చి నిలబడ్డాడు. స్టేడియం అంతా లేచి నిలబడింది. పక్కన డబ్లిన్ కుర్రాడు నా చొక్కా పట్టుకుని, "ఇది ఎన్నో డౌన్?" అని అడిగాడు. నాకు మాట రాలేదు. బంతి వెనక్కి వచ్చింది, పట్టుకున్నవాడు నిలబెట్టాడు, కాలు తగిలిన చప్పుడు కూడా నాకు వినపడ్డట్టే ఉంది. ఆ తరవాత నేను చూసింది బంతిని కాదు. దానివైపు తలెత్తిన కొన్ని వేల మొహాల్ని. కర్రల మధ్య నుంచి వెళ్ళిందని వాళ్ళ కళ్ళల్లో చూసి తెలుసుకున్నాను. గడియారంలో సున్నా. 24-21.

బయటికి వచ్చేసరికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఫ్లోరిడా వాళ్ళు కొందరు ఆగి చేతులు కలిపారు. ఆ ఏడాది వాళ్ళకి కలిసిరాలేదు. రెండే రెండు ఆటలు గెలిచి పది ఓడిపోయారు. మావాళ్ళు నవంబర్‌లో జార్జియాతో ఎనిమిది ఓవర్‌టైమ్‌లు పోరాడి 44-42తో ఓడారు. ఆ బాధ వేరే, దాన్ని ఇంకోసారి రాస్తాను. ఆ సాయంత్రం మాత్రం ఊళ్ళోకి వెళ్ళే రోడ్డంతా మాదే. డబ్లిన్ కుర్రాడు వెళ్ళేముందు నాతో చెయ్యి కలిపి, "మూడో డౌనా, నాలుగోదా?" అని మళ్ళీ అడిగాడు. ఈసారి ఆగి వివరంగా చెప్పాను.

హోటల్‌కి వచ్చాక అమ్మాయి ఫోన్ తీసి, ఆఖరి కిక్ వీడియో చూపించింది. బొమ్మ ఏమీ సరిగ్గా రాలేదు. చెయ్యి వణికి ఆకాశం, ఎవరిదో టోపీ, వాళ్ళమ్మ కొంగు వచ్చాయి. "బొమ్మ వదిలెయ్ నాన్నా, విను" అని చెవి దగ్గర పెట్టింది. హోరు. అట్లాంటాలో కిటికీ దగ్గర నిలబడి విన్న అదే హోరు. అందులో, బాగా దగ్గర నుంచి, ఒక మగ గొంతు ఒక్కటే మాట పదేపదే అరుస్తోంది. ముందు ఎవరిదో పోల్చుకోలేకపోయాను. "వెళ్ళమ్మా, వెళ్ళు... వెళ్ళమ్మా, వెళ్ళు..."

"అలా అరిచావని తెలుసా?" అంది అమ్మాయి.

తెలియదన్నాను. ఇంకోసారి పెట్టమన్నాను.